ఉప్పు నీళ్ళు తాగిన పుదీనా: కోత తేదీ ఒకటే, ఆకు వయసు వేరు

పొలం ఒకటే, కోత ఒకే రోజు, నూనె తీసిన ట్యాంకూ ఒకటే. పొద్దున తీసిన నూనె కొనుగోలుదారు దగ్గర పాసైంది. మధ్యాహ్నం తీసింది తిరిగొచ్చింది. రైతు ఫోన్ చేసి ఒకే మాట అడిగాడు: "సార్, నన్ను వాళ్ళు మోసం చేస్తున్నారా, లేక నా ట్యాంకు మోసం చేస్తోందా?"

సుగంధ మొక్కల సాగులో, నూనె తీతలో సలహాలిచ్చే పని నాది. ఇలాంటి ఫోన్లు వస్తే మొదట డిస్టిలేషన్‌నే, అంటే ఆవిరితో నూనె తీసే పనినే, అనుమానిస్తాను, ఎక్కువసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. ఈసారి దొరకలేదు. అసలు విషయం పట్టుకోవడానికి రెండు కోతల కాలం పట్టింది, మధ్యలో నేనిచ్చిన ఒక సలహా పూర్తిగా తలకిందులైంది. అందుకే దీన్ని రాసిపెడుతున్నాను.

పంట పెప్పర్‌మింట్. వాటర్‌మింట్‌కీ స్పియర్‌మింట్‌కీ పుట్టిన సంకరం ఇది, గొడ్డు మొక్క. విత్తనం కట్టదు కాబట్టి పిలకలు నాటే పెంచుతారు. ఈ పొలం మొత్తానికీ పిలకలు ఒకే నారుమడి నుంచి వచ్చాయి. ఈ సంగతి మొదటే చెప్పడానికి కారణం ఉంది. "విత్తనం కల్తీ అయి ఉంటుంది" అనే సులభమైన జవాబు ఇక్కడ పనికిరాదు. పొలంలో ఏ మూల మొక్కకైనా జన్యువులు ఒకటే.

నూనెలో ఏ పదార్థం ఎంతుందో చెప్పే జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పొద్దుటి నూనెలో చలవనిచ్చే మెంథాల్ 41 శాతం, దానికి ముందు దశ అయిన మెంథోన్ 22. మధ్యాహ్నం నూనెలో మెంథాల్ 27, మెంథోన్ 36. మందుల ప్రమాణాల గ్రంథమైన యూరోపియన్ ఫార్మకోపియా పెప్పర్‌మింట్ నూనెకి మెంథాల్ 30 నుంచి 55 శాతం, మెంథోన్ 14 నుంచి 32 శాతం ఉండాలంటుంది. రెండో నూనె రెండు గీతలూ దాటేసింది. పులెగోన్ అనే ఇంకో పదార్థం కూడా మొదటి నూనెలో ఉన్నదానికి రెట్టింపు పైనే ఉంది. కొనుగోలుదారు మోసం చేయలేదు.

మరి ట్యాంకు? పుదీనా నూనె తీసేటప్పుడు మెంథోన్ కొంచెం ముందుగా దిగుతుంది, మెంథాల్ నిదానంగా వస్తుంది. తొందరపడి ఆవిరి ఆపేస్తే మెంథాల్ ఆకులోనే మిగిలిపోతుంది. నేను మొదట అనుమానించింది దీన్నే. కానీ రైతు పక్కా మనిషి, ఆవిరి మొదలైన సమయం, ఆపిన సమయం నోటు పుస్తకంలో రాసుకున్నాడు. రెండు లోడ్లకీ తేడా పది నిమిషాలు కూడా లేదు. అయినా నమ్మకం కుదరక, రెండు వైపుల ఆకూ కొంచెం తెచ్చి క్లెవెంజర్ గాజు పరికరంలో మూడేసి గంటలు ఉడికించాను. తేడా అలాగే నిలబడింది. అంటే అది ఆకులోనే ఉంది.

అప్పుడడిగాను, పొద్దున కోసింది ఎక్కడ, మధ్యాహ్నం కోసింది ఎక్కడ అని. పొద్దున పొలంలో ఎగువ చెక్క (పై భాగం), మధ్యాహ్నం దిగువ చెక్క.

పొలంలో కనిపించింది

పొలం ఏటవాలుగా ఉంది. ఎగువన నేల తేలిక, నీళ్ళు ఇట్టే ఇంకిపోతాయి. దిగువన బరువు నేల, తడి పెట్టిన మర్నాడు కూడా కాలు దిగబడుతుంది. గట్ల మీద తెల్లటి పొర కట్టి ఉంది, వేలితో గీకి నాలుకకి రాసుకుంటే ఉప్పే. చౌడు పొక్కడం రైతుకి తెలియని సంగతేమీ కాదు. "గట్టు మీద కదా సార్, మొక్కకి ఏమవుతుంది" అన్నాడు. గట్టు మీద పేరుకున్న ఉప్పు ఆ మడిలోంచి పైకి లాగబడిన ఉప్పే.

బోరు నీటి ఈసీ (విద్యుత్ వాహకత, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకి 2.2 డెసీసైమెన్స్ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాగునీటి మార్గదర్శకాల్లో 0.7 లోపు నిర్భయంగా వాడొచ్చు, 0.7 నుంచి 3.0 దాకా జాగ్రత్తలతో వాడాలి, 3.0 దాటితే కఠినమైన పరిమితులు. కాబట్టి ఈ నీరు విషమేమీ కాదు. కానీ లెక్క కడితే ఉలిక్కిపడతాం. ఈసీ ఒక యూనిట్ అంటే లీటరుకి దాదాపు 640 మిల్లీగ్రాముల లవణాలు. 2.2 అంటే లీటరుకి 1.4 గ్రాములు. ఎకరానికి 25 మిల్లీమీటర్ల తడి పెడితే లక్ష లీటర్లు, అంటే ఒక్కో తడితో 140 కిలోల ఉప్పు నేలలోకి దిగుతోంది. నీరు ఆవిరైపోతుంది, మొక్క తాగేస్తుంది. ఉప్పుకి మాత్రం కిందికి దిగే దారి ఉంటేనే పోతుంది. ఎగువన ఆ దారి ఉంది. దిగువన లేదు. నేల నమూనాల్లో సంతృప్త ద్రావణం (నీటితో ముద్ద చేసిన మట్టి నుంచి తీసిన నీరు) ఈసీ ఎగువన 2.3, దిగువన 5.4. చౌడు నేల అని పేరు పెట్టే గీత 4.

ఇక మొక్కలు. దిగువ మొక్క పొట్టిగా ఉంది, ఆకు చిన్నది, కాస్త మందం, రంగు ముదురు. కింది ఆకుల అంచులు మాడాయి. చాలా కాడలకి కింది నాలుగైదు కణుపులు బోడిగా ఉన్నాయి, ఆకులు రాలి నేల మీద పడి ఉన్నాయి. ఎగువన మొగ్గ అప్పుడే కనిపిస్తుంటే, దిగువన అక్కడక్కడ పూత విచ్చుకుంది కూడా.

నేను అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆ బోడి కణుపుల్లోనే కథంతా ఉంది. నేను మాత్రం ఈసీ అంకెల మీద పడ్డాను.

నేను చేసిన తప్పు

నా తర్కం ఇలా సాగింది. పెప్పర్‌మింట్ ఆకు లేతగా ఉన్నప్పుడు మెంథోన్ ఎక్కువ, ముదిరేకొద్దీ అది మెంథాల్‌గా మారుతుంది. దిగువ నూనెలో మెంథోన్ ఎక్కువ, మెంథాల్ తక్కువ. కాబట్టి ఉప్పు వల్ల మొక్క వెనకబడింది, ఇంకా లేతగా ఉంది. రెండో కోత పది రోజులు ఆలస్యం చేస్తే ముదురుతుంది. రైతుకి అదే చెప్పాను.

ఎగువ చెక్కలో చెప్పినట్టే జరిగింది, మెంథాల్ ఇంకొంచెం పెరిగింది. దిగువన మెంథాల్ కదల్లేదు. పైగా అంతకుముందు పట్టించుకోనక్కర్లేనంత తక్కువగా ఉన్న మెంథోఫ్యూరాన్ అనే అక్కర్లేని పదార్థం పైకి లేచింది. ఆ పది రోజుల్లో ఇంకో రెండు కణుపుల ఆకు రాలింది, పూత దట్టమైంది. రైతు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదనిపించింది.

ఆకు లోపల జరిగే పని

ఈ తప్పు అర్థం కావాలంటే ఆకు మీది నూనె గ్రంథుల దగ్గరికి వెళ్ళాలి. పుదీనా నూనె ఆకు గుజ్జులో ఉండదు. ఆకు ఉపరితలం మీద గుండ్రటి గ్రంథులుంటాయి, ఒక్కోదానికి ఎనిమిది స్రావక కణాల తల, దానిపైన పొర కింద ఉబ్బిన చిన్న సంచి. నూనె అందులో నిలవ ఉంటుంది. ఆకు విస్తరించడం ఆగేసరికే గ్రంథుల లెక్క దాదాపు ఖరారైపోతుంది.

వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రాడ్నీ క్రోటో బృందం ఈ గ్రంథుల మీద దశాబ్దాల పాటు పనిచేసింది. 2000లో వాళ్ళు చూపించింది ఏమిటంటే, పెప్పర్‌మింట్ ఆకు నూనెని ప్రధానంగా 12 నుంచి 20 రోజుల వయసులోనే తయారు చేస్తుంది. ఆ తర్వాత కొత్త నూనె పెద్దగా చేరదు, ఉన్న నూనె రూపం మారుతుంది. లిమోనీన్‌తో మొదలై కొన్ని మెట్లు దిగి పులెగోన్, పులెగోన్ నుంచి మెంథోన్, మెంథోన్ నుంచి మెంథాల్, చివరికి కొంత మెంథైల్ ఎసిటేట్. పులెగోన్ దగ్గర దారి చీలుతుంది. ఒక దారి మెంథోన్ వైపు, ఇంకోటి మెంథోఫ్యూరాన్ వైపు. మెంథోఫ్యూరాన్ వైపు వెళ్ళింది మళ్ళీ మెంథాల్ దారికి తిరిగిరాదు. పైగా ఆ మెంథోఫ్యూరానే పులెగోన్‌ని మెంథోన్‌గా మార్చే ఎంజైమ్‌కి అడ్డుపడుతుందని అదే విశ్వవిద్యాలయం నుంచి 2008లో తేలింది. పక్కదారి పట్టిన వాడు అసలు దారికి కంప వేసినట్టన్నమాట.

కాబట్టి కోసిన మోపు నూనె అంటే ఒక వయసు నూనె కాదు. కొనలో ఉన్న లేత ఆకులు పులెగోన్, మెంథోన్ ఇస్తాయి. నడిమి ఆకులు సంధి దశలో ఉంటాయి. కింది ముదురు ఆకులు మెంథాల్ ఇస్తాయి. పూలలో మెంథోఫ్యూరాన్, పులెగోన్ ఎక్కువ. జీసీ రిపోర్టు చూపించేది ఈ జనాభా సగటుని.

ఇప్పుడు ఉప్పు. రానా మన్స్, మార్క్ టెస్టర్ 2008లో రాసిన సమీక్షలో ఉప్పు దెబ్బని రెండు దశలుగా వివరించారు. మొదటిది ద్రవాభిసరణ దశ. వేరు చుట్టూ ఉప్పు ఉంటే నీరు లాగడం కష్టమై కొత్త ఆకుల ఎదుగుదల వెంటనే మందగిస్తుంది. రెండోది అయాన్ల దశ. నీటితో పాటు వచ్చిన సోడియం, క్లోరైడ్ ఆకుల్లో పేరుకుంటాయి. ఎక్కువ కాలం నీరు ఆవిరి చేసిన ఆకులో ఎక్కువ పేరుకుంటుంది, అంటే ముదురు ఆకులో. అది ముందు చచ్చి రాలిపోతుంది.

రాలిపోయింది మెంథాల్ ఆకులు. మిగిలింది మెంథోన్ ఆకులు, పూలు. మొక్క వెనకబడలేదు. దాని పెద్దలు పోయి పిల్లలు మిగిలారు, అంతే. నేను పది రోజులు ఆగమన్నాను. ఆ పది రోజుల్లో ఒకవైపు కొన ఆకు ముదిరి నడిమి ఆకు అయితే, ఇంకోవైపు నడిమి ఆకు ముదిరీ ముదరకముందే రాలిపోయింది. ఇది చాలదన్నట్టు పూత తోడైంది.

పొలంలో ఈ వివరణ అతికింది కానీ, నన్ను నేనే నమ్మే స్థితిలో లేను. దిగువ చెక్కలో ఉప్పు ఒక్కటే లేదు, నీటి నిలవ కూడా ఉంది. వేరుకి గాలి ఆడకపోయినా ఆకులు రాలతాయి. రెండింటినీ విడదీయడానికి కుండీలు పెట్టాను. అవే పిలకలు, బాగా నీరు దిగే ఇసుక మిశ్రమం. ఒక వరుసకి మంచినీళ్ళు, ఒకదానికి లీటరుకి 20 మిల్లీమోల్ ఉప్పు, ఒకదానికి 50. ఇరవై అంటే ఈసీ సుమారు రెండు పెరుగుతుంది, యాభై అంటే సుమారు అయిదు. ఉప్పుని ఒక్కసారిగా పోయకుండా నాలుగైదు తడుల్లో మెల్లగా పెంచాను. ఒకేసారి పోస్తే అది షాక్, పొలంలో అలా జరగదు. ఉప్పు పరీక్షలు చేసే చాలామంది ఈ ఒక్క చోటే తప్పుతారు.

అసలు కిటుకు దారం. ఆకు విచ్చుకున్న రోజున దాని కణుపుకి రంగు దారం కట్టాను, వారానికో రంగు. కోసేటప్పుడు రంగు చూసి ఒకే వయసు ఆకులన్నీ ఒక చోట చేర్చాను. మొత్తం కాడ నూనె వేరుగా, ఒకే వయసు ఆకుల నూనె వేరుగా తీశాను. తెల్లవారుజామున టార్చి వెలుగులో ఎర్ర దారమా నారింజ దారమా అని కళ్ళు చిట్లించుకున్న రోజులవి. ఇంకోసారి చేస్తే రంగులు దూరదూరంగా ఎంచుకుంటాను.

మొత్తం కాడ నూనెల్లో పొలంలో కనిపించిన తేడాయే వచ్చింది. ఉప్పు పెరిగేకొద్దీ మెంథాల్ తగ్గింది, మెంథోన్ పెరిగింది. కానీ ఒకే వయసు ఆకులు పక్కపక్కన పెడితే, ఇరవై మిల్లీమోల్ దగ్గర ఆ తేడా దాదాపు మాయమైంది. యాభై దగ్గర మాత్రం పూర్తిగా పోలేదు. అదే వయసు ఆకులోనూ మెంథోఫ్యూరాన్ స్పష్టంగా ఎక్కువగా ఉంది. కాబట్టి ఉప్పు వయసుని మార్చడమే కాదు, ఒక మోతాదు దాటాక పులెగోన్ దగ్గరి చీలికలోనూ చెయ్యి పెడుతోంది. నా వివరణ చాలావరకు నిజం, మొత్తం కాదు. కుండీలు కొద్ది, పరీక్ష ఒక్కసారి చేసింది. దీన్ని సూత్రంగా ఎవరూ వాడొద్దు.

శాతం చేసే మాయ

రైతుని మొదట్నుంచీ అయోమయంలో పెట్టిన అంకె ఒకటుంది. దిగువ ఆకు నుంచి కిలోకి వచ్చిన నూనె ఎగువ కంటే ఎక్కువ. "ఉప్పు దెబ్బ తింటే నూనె తగ్గాలి కదా, పెరిగిందేమిటి?" అని అడిగాడు. తేలికపాటి ఉప్పు ఒత్తిడిలో నూనె శాతం పెరగడం చాలా సుగంధ మొక్కల్లో చూశారు. దాన్ని పట్టుకుని కొంచెం ఉప్పు మంచిదే అనేవాళ్ళూ ఉన్నారు.

చిన్న ఆకు మీద గ్రంథులు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆకు సాగక ముందే గ్రంథులు పుట్టేశాయి, ఆ తర్వాత ఆకు సాగలేదు. నీటి శాతం కూడా తక్కువ. హారం కుదించుకుపోతే శాతం దానంతట అదే పెరుగుతుంది. మొక్క నిజంగా ఎక్కువ నూనె చేసిందా లేదా అన్నది ఆకుకి ఎంత, మొక్కకి ఎంత, ఎకరానికి ఎంత అని చూస్తేనే తెలుస్తుంది. దిగువ చెక్కలో ట్యాంకు నిండటానికి ఎగువ కంటే దాదాపు రెట్టింపు జాగా కోయాల్సి వచ్చింది. ఎకరం లెక్కన నూనె బాగా తగ్గింది. శాతం మాత్రమే రాసి దిగుబడి రాయని రిపోర్టు ఏదైనా నా చేతికొస్తే ఇప్పుడు పక్కన పెట్టేస్తున్నాను.

ఇదంతా పుదీనా సంగతి. వేరే మొక్కలకి అచ్చంగా అతికించకూడదు. కొత్తిమీరలో వయసు వాసననే తిప్పేస్తుంది. ఆకులో, పచ్చి కాయలో డెకనల్, డెసెనల్ వంటి ఆల్డిహైడ్లు, పండిన ధనియంలో లినలూల్. అక్కడ ఉప్పు పంటని తొందరగా పండిస్తే నూనె లినలూల్ వైపు జరగొచ్చు, అంటే పుదీనాలో చూసినదానికి తిరగబడిన దిశ. థైమ్‌లో గామా టెర్పినీన్ నుంచి థైమాల్ వస్తుంది, పూత సమయం అక్కడ కోతకి మంచిది, పుదీనాలోలా గండం కాదు. ఏ మొక్కైనా అడగాల్సింది ఒకటే: దీని విలువైన పదార్థం ఏ వయసు భాగంలో ఉంది, ఉప్పు ముందు ఏ భాగాన్ని తీసుకుపోతుంది?

ఏం చేశాం

మరుసటి పంటకి ముందు దిగువ అంచున మురుగు కాలువ తవ్వించాం. అది లేకుండా ఉప్పు కడగాలనుకోవడం మూత బిగించిన బిందె కడగడం లాంటిది. జిప్సం వేద్దామా అని రైతు అడిగాడు. సోడియం వల్ల నేల బిగిసిపోయినప్పుడు జిప్సం పనికొస్తుంది. ఇక్కడ పరీక్షలో సోడియం నిష్పత్తి ఆ స్థాయిలో లేదు, ఉన్నది మామూలు లవణాలే. వద్దన్నాను.

తడికి ఎంత అదనంగా పెట్టాలన్నది లెక్క. నీటి ఈసీని, నేలకి మనం ఒప్పుకునే ఈసీకి అయిదు రెట్లలోంచి నీటి ఈసీ తీసేయగా మిగిలినదానితో భాగించాలి. నేలని 3 దగ్గర నిలపాలంటే 2.2ని 12.8తో భాగిస్తే 0.17. అంటే వేరు పొర దాటి కిందికి పోవాల్సిన నీరు సుమారు 17 శాతం. స్ప్రింక్లర్లు ఆపించాం. ఈ నీరు ఆకు మీద పడితే క్లోరైడ్ వేరు దాకా వెళ్ళకుండానే ఆకులోకి చేరుతుంది, ముదురు ఆకు ఇంకా తొందరగా మాడుతుంది.

కోత విషయంలో తేదీ పట్టికని పక్కన పెట్టాం. దిగువ చెక్కకి వేరే గుర్తు: కింది రెండు కణుపుల ఆకులో పసుపు కనిపించడం మొదలైతే, ఎగువ సంగతి ఎలా ఉన్నా, దిగువ కోసేయాలి. ముదురు ఆకు కాడ మీద ఉండగానే ట్యాంకుకి చేరాలి. పూత ఎంతొచ్చిందన్నది దాని తర్వాతే. నూనెలు ఎప్పుడూ కలపకూడదు, రెండు డబ్బాలు, రెండు రిపోర్టులు. రైతుకి మొదట ఇది నచ్చలేదు. మంచి నూనెలో కలిపేస్తే సగటు పాసవుతుంది కదా అన్నాడు. పాసవుతుంది, నిజమే. కానీ సగటులో దిగువ చెక్క కనిపించకుండా పోతే దాని గురించి ఏటా ఇదే చర్చ జరుగుతుంది.

ఆ ఏడాది మొదటి కోతలో దిగువ నేల ఈసీ 3.4కి దిగింది. అనుకున్న 3 రాలేదు, బరువు నేల ఒక్క పంటలో లొంగదు. ఎగువ కంటే తొమ్మిది రోజులు ముందు కోశాం. మెంథాల్ 34 శాతం, మెంథోన్ 29. గీత లోపల ఉంది, అయినా ఎగువ నూనెకి సాటి రాదు. ఎకరం దిగుబడి కూడా ఎగువకి చాలా దూరంలోనే ఉంది. అదే పంట రెండో కోతలో మధ్యలో ఎండలు ముదిరి తడులు కుదరక కింది ఆకు మళ్ళీ రాలింది, మెంథాల్ 30కి ఒక్క గీత పైన ఆగింది. ఆ డబ్బా కొనుగోలుదారు తీసుకున్నాడు, తక్కువ ధరకి.

మురుగు కాలువలో చేరిన నీటి ఈసీ కొలిస్తే 7 దాటింది. ఇప్పుడది పొలం మూల గుంటలో నిలుస్తోంది. దాన్ని పక్క పొలంలోకి వదలకూడదని మాత్రం గట్టిగా చెప్పాను. ఆ గుంట నిండేలోపు ఏం చేయాలన్నది నేనూ రైతూ ఇంకా తేల్చుకోలేదు.